పండగ కూడు

ఊరు పండగ చేసుకుంటుంది. గూడెం ఆ పండగ చేస్తుంది. ఈ రెండు మాటల మధ్య తేడా తెలియాలంటే గూడెంలో పుట్టాలి.

సంక్రాంతి సంగతే తీసుకోండి. కోత కోసింది మేము, కుప్ప వేసింది మేము, నూర్చింది మేము, వడ్లు బండికెత్తింది మేము. కొత్తబియ్యం పొంగలి మాత్రం ఊళ్లో పొంగేది. డప్పు మా అయ్యది, ఆ డప్పు వెనక నడిచే ఊరేగింపు వాళ్లది. పండగ మర్నాడు మా అమ్మ తట్ట తీసుకుని ఊళ్లోకి పోయేది. 'పండగ పెట్టండమ్మా' అని వాకిట్లో నిలబడేది. అరుగు దిగకుండా, చెయ్యి తగలకుండా పైనుంచి పడేసేవాళ్లు. అరిసెలు, గారెలు, పులిహోర, పప్పన్నం అన్నీ ఆ ఒక్క తట్టలోనే కలిసేవి. పది ఇళ్ల వంట ఒకటే రుచయ్యేది. పులుసు అంటని అరిసె రుచి హాస్టలుకి పోయిందాకా నాకు తెలీదు.

ఇప్పుడు నాకు ఇద్దరు పిల్లలు. టౌన్లో వుంటున్నాం. పండక్కి మా పొయ్యి మీదే అరిసెలు వండుతున్నాం. మరి ఆ తట్ట సంగతి ఈ పిల్లలకి చెప్పాలా, వద్దా? మా అమ్మ వద్దంటది. 'ఆ కూడు మాతోనే పోనీరా నాయనా. పిల్లకాయల నోట్లో తీపి పెట్టి చెవిలో చేదు పోస్తావా?' అంటది. అమ్మ మాట తీసెయ్యలేను. తట్ట మోసిన నెత్తి ఆమెది. మర్చిపోయే హక్కు ఆమెకుంది. కానీ ఆమె మర్చిపోవడం వేరు, నా పిల్లలకి అసలు తెలీకపోవడం వేరు.

ఈ ప్రశ్న మన ఒక్కళ్లదే కాదు. వెట్టి చేసిన, బానిసత్వం మోసిన ప్రతి జాతికీ పండగపూట ఎదురయ్యేదే.

అమెరికాలో బానిసగా పుట్టి, పారిపోయి బయటపడ్డ ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో తన జీవితకథ అచ్చేశాడు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా యజమానులు బానిసలకి సెలవులిచ్చేవాళ్లని, తాగమని ఎగదోసేవాళ్లని రాశాడు. అది దయ కాదు, తిరుగుబాటు పుట్టకుండా లోపలి ఆవిరిని బయటికి వదిలే ఉపాయం అని తేల్చి చెప్పాడు. చదువుతుంటే మా ఊరు కళ్ల ముందుకొచ్చింది. ఏడాదంతా తిట్టిన నోరు పండగనాడు 'ఏరా, తిన్నావా' అనేది. ఆ ఒక్క మాటకి మా అయ్య ఇంకో ఏడాది పాలేరుగా ఒప్పుకునేవాడు. పెట్టేవాడి పండగ తినేవాణ్ణి కట్టేస్తది.

ఆ నల్లజాతే తర్వాత తన పండగ తాను కట్టుకుంది. టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో బానిసల విడుదల ఉత్తర్వు ప్రకటించింది 1865 జూన్ 19న. ఆ రోజుని వాళ్ల కుటుంబాలు, చర్చిలు తరతరాలుగా జరుపుకుంటూ వచ్చాయి. దేశమంతటికీ సెలవుగా ప్రభుత్వం ఒప్పుకోడానికి 2021 దాకా పట్టింది. ఒకడు ఒప్పుకునేదాకా వాళ్లు ఆగలేదు.

యూదులు ఇంకా ముందుకు పోయారు. వాళ్లు చేదుని తిండిలోనే పెట్టారు. పస్కా రాత్రి ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ కూచుంటారు. ఈ రాత్రి ప్రత్యేకత ఏంటని అడగడం ఇంట్లో చిన్నపిల్లల వంతు. అడిగాక, ఐగుప్తులో బానిసలుగా బతికిన కథ పెద్దవాళ్లు చెప్తారు. బానిస బతుక్కి గుర్తుగా చేదుకూర తింటారు. కన్నీళ్లకి గుర్తు ఉప్పునీళ్లు. పళ్లు, గింజలు కలిపి నూరిన తీపి ముద్ద కూడా వుంటది. అది ఇటుకల పనిలో తొక్కిన అడుసుకి గుర్తు. తీపికి కూడా వాళ్లు చాకిరీ గుర్తుంచుకున్నారు! మా గూడెం చర్చిలో ఐగుప్తు కథ ఎన్నోసార్లు విన్నాను. మోషే గురించి చెప్పారు గానీ ఈ ముద్ద గురించి ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రిదే ఇంకో ఆచారం వుంది. ఐగుప్తు మీద పడిన పది తెగుళ్లనూ ఒక్కొక్కటిగా చెప్తూ గిన్నెలోంచి ద్రాక్షారసం చుక్క చుక్కగా తీసేస్తారు. శత్రువు కష్టం తల్చుకునేటప్పుడు మన గిన్నె నిండుగా వుండకూడదని చాలామంది అర్థం చెప్తారు. నరకుడు చచ్చాడని టపాకాయలు కాల్చే మన దేశంలో ఈ చుక్క గురించి ఆలోచించాలి. గుర్తుంచుకోవడం అంటే పగ పెంచడం కాదని అది చెప్తోంది.

అమ్మ భయం కూడా అదే అనుకుంటాను. చేదు చెప్తే పిల్లలు చిన్నబోతారని, లేకపోతే మండిపోతారని. కానీ మనం చెప్పకపోతే ఊరుకుంటారా? రేపు కాలేజీలోనో, అద్దె ఇంటి గుమ్మంలోనో ఎవడో 'మీరేంటోళ్లు?' అని అడుగుతాడు. ఏ కథా తెలీని పిల్ల ఆ క్షణాన తలొంచుకుంటది. తప్పు తనలోనే వుందనుకుంటది. తెలిసిన పిల్ల అడిగినవాడి మొహంలోకి చూస్తది. అవమానం మన నోటి నుంచి వింటే చరిత్ర. వాళ్ల నోటి నుంచి వింటే సిగ్గు.

అందుకే నా మట్టుకు నేను చెప్పాలనే అనుకుంటున్నాను. తినే పిల్లని ఆపి ఉపన్యాసం ఇవ్వడం కాదు. అడిగే చోటు ఇవ్వడం. డిసెంబర్ 25న మా ఇంట్లో కేకు కోస్తాం. 1927లో అదే రోజున మహద్‌లో అంబేద్కర్, ఆయన సహచరులు మనుస్మృతిని తగలబెట్టారు. ఆ సంగతీ ఆ పూటే మాట్లాడుకుంటాం. పిల్లలు ఎందుకని అడుగుతారు. అక్కణ్ణుంచి మొదలవుద్ది.

పండక్కి హాస్టళ్ల నుంచి ఇళ్లకి పోయే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ అమ్మల్ని, నాయనమ్మల్ని అడగండి. మీ పండగ ఎట్లా జరిగేదని అడగండి. చెప్పనంటే బలవంతం చెయ్యొద్దు, అది వాళ్ల గాయం. చెప్తే మాత్రం లేచిపోవద్దు. తినడం ఆపకుండా, చివరిదాకా వినండి.