మానేసినవాడి అబద్ధం

సిగరెట్ మానేసి తొమ్మిదేళ్లు అని చెప్పుకుంటాను. 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’లో గిరీశం వెంకటేశానికి నేర్పింది చుట్ట కాల్చడమే. హన్మకొండ టీకొట్ల దగ్గర మాకు సీనియర్లే గిరీశాలు. స్నేహంలో అంటుకున్న అలవాటు ఒంటరిగా వదులుతుందా?

ఇప్పుడొక జూనియర్ రోజూ ఫోన్ చేస్తాడు.

“మళ్ల తాగబుద్ధి కాలేదా అన్నా?”

“లేదురా.”

అబద్ధం. నాన్న పోయిన రాత్రి కాజీపేట స్టేషన్ బయట ఒకటి వెలిగించాను. వాడికి ధైర్యం చెప్పడానికే దాచాననుకున్నా.

తర్వాత వాడు జారాడు. వారం రోజులు ఫోన్ లేదు. ఎన్నడూ ఓడనివాడికి ఓటమి ఎలా చెప్పుకుంటాడు? నా గొప్పే వాడి నోరు కట్టేసింది. ఆసరా అంటే మనం పడ్డ చోటు కూడా చూపించడమేమో.

నిన్న భద్రకాళి చెరువు గట్టు మీద చెప్పేశాను. చాలాసేపు నీళ్లకేసి చూశాడు.

“మరి రెండోది ఎట్ల ఆపినవ్ అన్నా?”