బాధితునకు ముసుగు

బలవంతుని యెదుట సూటిగా పలుకరాని మాటను వేఱొకదానిపై పెట్టి పలుకుటకు అన్యాపదేశమని పేరు. సంస్కృత కవులు ఏనుగును నిందించి రాజును మందలించిరి. అందు ముసుగు నిందితునకు. బాధితునకే ముసుగు వేయుట న్యాయమా?

అమెరికా టెలివిజనులోని వైజ్ఞానిక కల్పనలను గూర్చి మాకీ సందేహము కలుగుచున్నది. స్టార్ ట్రెక్ కథామాలలో 1992లో వచ్చిన ‘ది ఔట్‌కాస్ట్’ అను కథయందు, స్త్రీపురుష భేదమును విసర్జించిన యొక అన్యగ్రహ జాతి కలదు. వారిలో సోరెన్ తాను స్త్రీనని లోలోపల నెఱిగి, అంతరిక్షనౌకలోని అధికారియగు రైకర్‌ను ప్రేమించును. పెద్దలు దానిని రోగమని తీర్పు చెప్పి చికిత్స చేయింతురు. తుదకు సోరెన్ తనకు నయమైనదని చెప్పి యతని విడనాడును. స్వలింగ ప్రేమికులకు జరిగిన ‘చికిత్స’లే యిందలి లక్ష్యమని తెలియకపోదు. అయినను సోరెన్ వేషము వేసినది స్త్రీయే! ఆ పాత్రను పురుషున కీయవలసినదని రైకర్ వేషధారి జోనథన్ ఫ్రేక్స్ అనెను. మేమును ఆ పక్షమే. అన్యగ్రహవాసికై కన్నీరు కార్చిన తండ్రి, తన కుమారుని మాత్రము గుర్తింపక నిద్రింపవచ్చును.

ముసుగు లేనిచో ఆ కథ వెలువడియే యుండదందురా? కావచ్చును. కాని 1966లో నిషెల్ నికొల్స్ ఆ మాలయందే, నల్లజాతి స్త్రీగానే, ఉహూరా యను అధికారిణియై కూర్చుండెను. మానుకొనదలచిన తన్ను మార్టిన్ లూథర్ కింగ్ వారించెనని ఆమె పలుమారులు చెప్పినది. ఉహూరాకు నౌకలో పేరున్నది, పనియున్నది.

స్వలింగ దంపతులకు అట్టి స్థానము ఆ మాలలో 2017లో గాని దొరకలేదు. ‘డిస్కవరీ’లో స్టామెట్స్ శాస్త్రజ్ఞుడు, కల్బర్ వైద్యుడు. ఒకచోట వారిరువురును అద్దము ముందు నిలిచి, పండ్లు తోముకొనుచు, జరిగినదానిని గూర్చి మాటలాడుకొందురు.