హాలు ఎవరిది?

చెన్నై సెంట్రల్ స్టేషన్ బయటికొచ్చి రిపన్ బిల్డింగ్ వైపు నడుస్తుంటే దారిలో ఎర్ర ఇటుకల కట్టడం ఒకటి కనిపిస్తుంది. విక్టోరియా పబ్లిక్ హాల్. ఒకప్పటి మద్రాసు టౌన్‌హాల్. 1883లో దీనికి శంకుస్థాపన చేసింది మన విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజు. నమూనా గీసింది రాబర్ట్ చిషోమ్, కట్టింది నంపెరుమాళ్ చెట్టి. పేరు మాత్రం విక్టోరియా రాణిది. ఆవిడ పాలనకు యాభై ఏళ్లు నిండాయని పెట్టారు. ఆవిడేమో ఈ దేశంలో ఎప్పుడూ అడుగు పెట్టలేదు.

ఇంతకీ ఈ హాలు ఎవరిది? రాజుగారిదా, రాణిగారిదా?

1891లో బళ్లారి నుంచి ధర్మవరం కృష్ణమాచార్యుల బృందం వచ్చి ఇక్కడ తెలుగు నాటకాలాడింది. చూసినవాళ్లలో పమ్మళ్ సంబంధ ముదలియార్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడున్నాడు. అంతకుముందు అతనికి నాటకాలంటే చిన్నచూపు. ఈ నాటకాలు చూశాక మనసు మారి, అదే ఏడాది మిత్రులతో కలిసి సుగుణ విలాస సభ పెట్టాడు. ఆధునిక తమిళ నాటకానికి ఆద్యుడని ఇవాళ చెప్పుకునేది ఆయన్నే. ఈ సంగతి మహారాజూ ఊహించలేదు, చిషోమూ ఊహించలేదు. పక్క కుర్చీలో ఎవరు కూర్చుంటారో, ఏం పట్టుకుపోతారో ముందే తెలియని చోటునే నేను పబ్లిక్ అంటాను. ఆ లెక్కన ఆ రోజు ఆ హాలు ఆ కుర్రాడిది.

అయితే అందరికీ ఆ కుర్చీ దొరికిందా? లేదు. ఆ సభ నాటకాల్లో ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది చదువుకున్నవాళ్లు, టికెట్ కొనగలిగినవాళ్లు. గోడ మీద ‘పబ్లిక్’ అని రాసుకున్నారు గానీ, ఆ మాట లోపలున్నవాళ్లకంటే చాలా పెద్దది. మాటిచ్చాక తీర్చాల్సిన బాధ్యత ఆ తరంతోనే పోతుందా? పోదనే నా నమ్మకం. కట్టడం మనకు వారసత్వంగా వచ్చిందంటే దాని బాకీ కూడా వచ్చినట్టే.

నా సంగతే చెప్తాను. నేను వెళ్లే పుస్తకావిష్కరణల్లో దాదాపు అన్ని ముఖాలూ నాకు తెలిసినవే. మా అభిరుచులు ఒకటే, మా అభిప్రాయాలూ ఒకటే. అక్కడ మనసు మారిన మనిషిని ఇంతవరకూ చూడలేదు, నాతో సహా.

చాలా ఏళ్లు మూతపడి ఉన్న ఆ హాలుకు ఈమధ్య మరమ్మతులు జరిగాయి. మంచిదే. నేను మాత్రం ఒకటే అడుగుతాను: అద్దె ఎంత? బళ్లారి లాంటి ఊరి నుంచి వచ్చే చిన్న బృందం కట్టుకోగలిగేంతేనా?