ఫలత్యాగం ఎవరిది?

ఏ పని జరగడానికైనా అయిదు కారణాలు ఉంటాయని భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం చెబుతుంది: పనికి ఆశ్రయమైన అధిష్ఠానం, చేసే కర్త, సాధనాలైన కరణాలు, వేర్వేరు ప్రయత్నాలైన చేష్టలు, చివరికి మనిషి లెక్కకు అందని దైవం. వీటన్నిటి మధ్య తానొక్కడే కర్తనని అనుకునేవాడు సరిగా చూడడం లేదని కూడా ఆ అధ్యాయమే తేల్చేస్తుంది. దీన్ని వినయబోధగా చదవడం అలవాటైంది గాని, వినయం కన్నా ముందు ఇది వాస్తవానికి సంబంధించిన మాట. పని ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చూడమనే మాట. దాని బలాబలాలు తేల్చుకోవడానికి వృత్తి బాస్కెట్‌బాల్‌లోని అసిస్టెంట్ కోచ్ ఉద్యోగం మంచి గీటురాయి, ఎందుకంటే అక్కడ పని అనేకులది, గెలుపోటముల లెక్క మాత్రం హెడ్ కోచ్ పేరున ఒక్కచోటే పడుతుంది.

ప్రత్యర్థి జట్టు పాత ఆటల వీడియోలు అర్ధరాత్రి దాకా తిప్పితిప్పి చూసి, ఎవరు ఎడమచేతి వైపుకు నెట్టితే తడబడతారో, ఎవరు అలసిపోయాక బంతిని ఆలస్యంగా వదులుతారో రాసుకుని, మర్నాటి సాధనలో ఆటగాడి చెవిన నాలుగు ముక్కల్లో వేయడం అసిస్టెంట్ కోచ్ పని. అంతర్జాతీయ సమాఖ్య ఫీబా నియమావళి ప్రకారం టైమౌట్‌ను, అంటే ఆట ఆపి జట్టుతో మాట్లాడుకునే విరామాన్ని, హెడ్ కోచ్ గాని మొదటి అసిస్టెంట్ కోచ్ గాని అడగవచ్చు. కాని ఆట సాగుతున్నంతసేపూ వారిద్దరిలో ఒక్కరే నిలబడి ఉండవచ్చు, ఒకరు లేస్తే రెండోవారు కూర్చోవలసిందే. నిలబడేది దాదాపు ఎప్పుడూ ఎవరో చెప్పనక్కర్లేదు.

ఈ ఆటకు వేదాంత చర్చ పరాయిదేమీ కాదు. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో దీన్ని రూపొందించిన జేమ్స్ నైస్మిత్ క్రైస్తవ మతశాస్త్రం చదివిన పట్టభద్రుడు. ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే శిక్షణ పొందిన హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాడు. అంతకు పన్నెండేళ్ళ ముందు అదే మద్రాసులో, క్రిస్టియన్ కళాశాల విద్యార్థిగా, తిరుత్తణి తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ వేదాంతంలోని నీతిశాస్త్రంపై తన ఎం.ఎ. వ్యాసం రాశాడు. జగత్తు మిథ్య అన్నాక నీతికి చోటెక్కడిది అని మిషనరీ పండితులు అడుగుతున్న ప్రశ్నకు అది జవాబు. ఆ ప్రశ్నే కొంచెం రూపు మార్చుకుని ఇక్కడికీ వస్తుంది: ఎవరూ పూర్తిగా కర్త కానప్పుడు, ఎవరి శ్రమకైనా పేరు ఎందుకు దక్కాలి?

టెక్స్ వింటర్ జీవితం ఈ ప్రశ్నను గట్టిగానే పట్టి చూపుతుంది. 1922లో పుట్టిన ఆయన కాలిఫోర్నియాలో శామ్ బ్యారీ అనే గురువు దగ్గర ఒక ఆటపద్ధతి నేర్చుకుని, దాన్ని సానబెట్టి 1962లో పుస్తకంగా వెలువరించాడు. ట్రయాంగిల్ అఫెన్స్ అని పేరుపడిన ఆ పద్ధతిలో ముగ్గురు ఆటగాళ్ళు కోర్టుకు ఒక పక్క త్రికోణంగా, ఇద్దరు మరో పక్క నిలుస్తారు. ముందే అనుకున్న ఎత్తును వల్లె వేయకుండా, ప్రత్యర్థి కదలికను బట్టి బంతి ఎటు పోవాలో అప్పటికప్పుడు తేల్చుకుంటారు. కన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో పదిహేనేళ్ళు హెడ్ కోచ్‌గా వెలిగిన ఈయన, 1985లో, అరవై మూడేళ్ళ వయసులో, షికాగో బుల్స్ జట్టుకు అసిస్టెంట్‌గా వచ్చాడు. 1989లో హెడ్ కోచ్ అయిన ఫిల్ జాక్సన్ ఆ పద్ధతిని చేపట్టగా, 1991 నుంచి 1998 లోపు బుల్స్ ఆరు టైటిళ్ళు గెలిచింది. జాక్సన్ ఆ రుణాన్ని దాచలేదు, పదేపదే చెప్పాడు. అయినా నైస్మిత్ పేరున వెలసిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో జాక్సన్‌కు 2007లో చోటు దక్కితే, ఆయన కన్నా ఇరవై మూడేళ్ళు పెద్దవాడైన వింటర్‌కు 2011లో, ఎనభై తొమ్మిదేళ్ళ వయసులో దక్కింది. (అమెరికా లీగులో ఏటా ఉత్తమ కోచ్‌కు ఇచ్చే బహుమతి రెడ్ ఆవర్‌బాక్ పేరున ఉంది, ఆయన బాస్టన్ జట్టును అసిస్టెంట్ లేకుండానే నడిపిన మనిషి కావడం విచిత్రమే.)

ఇలాంటి సందర్భంలో అర్జునుడి సారథిని తలుచుకోవడం తేలిక గాని, ఆ పోలిక ఇక్కడ నిలవదు. పగ్గాలు పట్టినవాడు తానెవరో ఎరిగిన భగవంతుడు; అసిస్టెంట్ కోచ్‌కు అలాంటి భరోసా ఏదీ లేదు, గడువు తీరగానే కాంట్రాక్టు కొత్తగా రాసుకోవాలి, హెడ్ కోచ్‌ను తీసేస్తే తరచు తానూ సామాను సర్దుకోవాలి. కాబట్టి అతని త్యాగాన్ని మామూలు మనిషి త్యాగంగానే తూచాలి. సర్వకర్మల ఫలాన్నీ విడవడమే త్యాగమని గీత నిర్వచిస్తుంది. విడవడమనే ఆ క్రియకు కర్త ఫలానికి అర్హుడైనవాడే. తనది కానిదాన్ని ఎవడూ త్యజించలేడు, ఒకరిదాన్ని మరొకరు త్యజించనూ లేరు. పేరు ఆశించకుండా పనిచేయడం అసిస్టెంట్‌కు సాధన కావచ్చు గాని, ఆ మాటనే యజమాని నోట విన్నప్పుడు అది సాధన కాదు, జీతం ఎగ్గొట్టే పద్ధతికి దగ్గర చుట్టం.

గీత మూడో అధ్యాయం ఫలం పుచ్చుకునేవాడి వైపును కూడా విడిచిపెట్టలేదు: దేవతలు ఇచ్చినదాన్ని వారికి తిరిగి అర్పించకుండా అనుభవించేవాణ్ణి అది దొంగ అంటుంది. ఇచ్చినవాడికి నిష్కామం ఎంత ధర్మమో, పుచ్చుకున్నవాడికి గుర్తింపు అంత ధర్మం. మొదటిది రెండోదాన్ని రద్దు చేయదు. అయిదు కారణాల సిద్ధాంతం కర్తలందరినీ చెరిపేస్తుందనుకోవడం పొరపాటు, అది ఒక్కడి చేతిలోని మొత్తాన్ని అయిదింటికి పంచి లెక్క సరిచేస్తుంది.

ఈ లెక్క పెద్ద లీగులకే కాదు, మన చిన్న జట్లకూ వర్తిస్తుంది. తిరుత్తణి, తిరువళ్ళూరు, ఆరణి ప్రాంతాల పాఠశాల జట్లు గెలిచినప్పుడు, పత్రికకు పంపే వార్తలోనూ కప్పుతో దిగిన ఫొటో కిందా హెడ్ కోచ్ పక్కన అసిస్టెంట్ పేరు కూడా రాయాలి. వద్దనే హక్కు ఆ అసిస్టెంట్‌కు ఉంది. రాయకుండా ఊరుకునే హక్కు పాఠశాలకు లేదు.