14 ఏళ్లలోపు పాపం ఎవరిది?

వాన వెలిసిన సాయంత్రం తూనీగల్ని పట్టి, తోకకు దారం కట్టి ఎగరేసే ఆట పల్లెల్లో పెరిగినవాళ్లందరికీ తెలుసు. ఆ పిల్లలు క్రూరులని ఎవరూ అనరు. తమ ఒంటికి ఉన్నట్టే ఎదుటి ప్రాణికీ నొప్పి ఉంటుందని వాళ్లకింకా తట్టలేదు, అంతే. పసితనంలో కల్లాకపటం ఉండవు, నిజమే. దయ కూడా ఉండి తీరాలని లేదు. ఈ రెంటినీ మనం ఒకటే అనుకుంటున్నాం. అందుకే పిల్లల అమాయకత్వం పోతోందని బెంగపడతాం గానీ, దాని చోట ఏం వస్తోందో చూడం.

వ్యాసపూర్ణిమ వ్యాసుణ్ణి, గురువుల్ని తలచుకునే రోజు. ఆ వ్యాసుడి భారతంలో ఈ తూనీగల ఆటను గుర్తుచేసే కథ ఒకటుంది, మాండవ్య మునిది. చేయని దొంగతనానికి ఆ మునిని శూలానికి గుచ్చారు. ఏ పాపానికి ఈ శిక్ష అని ఆయన వెళ్లి యమధర్ముణ్ణే నిలదీశాడు. చిన్నప్పుడు పురుగుల తోకలకు పుల్లలు గుచ్చావు, ఇది దాని ఫలమే అన్నాడు ధర్ముడు. తెలియని వయసులో చేసినదానికి ఇంత శిక్షా అని ముని మండిపడ్డాడు. నువ్వూ మనిషివై పుట్టమని శపించాడు. 14 ఏళ్ల వరకు పిల్లలు చేసింది పాపం కిందికి రాదని కట్టడి చేశాడు. ఆ శాపం వల్లే ధర్ముడు వ్యాసుడికి దాసి కడుపున విదురుడై పుట్టాడు.

ఈ కథ ఎప్పుడు చదివినా నాకు ఆ 14 ఏళ్ల దగ్గరే ఆలోచన ఆగిపోతుంది. పిల్లవాడికి పాపం అంటదు, సరే. పురుగుకు నొప్పి తగ్గిందా? మరి ఆ 14 ఏళ్ల బాధ్యత ఎవరిది? ముమ్మాటికీ పెద్దలదేనని నా నమ్మకం. 'వదిలెయ్ నాన్నా, దానికి నొప్పెడుతుంది' అనే గొంతు ఒకటి పక్కన ఉండాలి. మన నాయనమ్మలూ అమ్మమ్మలూ ఆ పని చేశారు. ముగ్గులో బియ్యప్పిండి ఎందుకని అడిగితే, చీమలు తింటాయని చెప్పారు.

మనం చేస్తున్నదేమిటి? తాతయ్య ఆసుపత్రిలో ఉంటే పిల్లవాణ్ణి పిన్ని ఇంటికి పంపేస్తాం. నాయనమ్మ పోతే, ఇంటర్ పరీక్షలున్నాయని హాస్టల్లో ఉన్న మనవరాలికి కబురు చెప్పం. పరీక్షలు రాసి ఇల్లు చేరిన పిల్ల ఆ ఖాళీ మంచం చూసి ఏమైపోతుందో ఆలోచించం. ఇన్ని దాచి, అదే పిల్లల చేతికి ఫోన్ ఇస్తాం. అందులో పదిమంది ఒకణ్ణి కొడుతుంటే ఇంకొకడు వీడియో తీస్తుంటాడు. జారిపడ్డ ముసలాయనను చూసి అందరూ నవ్వుతుంటారు. పసితనం పోతున్నది అక్కడే. అక్కడ దయ పుట్టదు. ఆ తెర మీద పడ్డవాణ్ణి చెయ్యిపట్టి లేపే వీలు చూసేవాళ్లకు లేదు. మంచం మీది తాతయ్యకు గ్లాసుడు నీళ్లు అందించే వీలుంది. దాన్నే మనం లాగేసుకున్నాం.

శుద్ధోదనుడూ ముసలితనం, రోగం, చావు కొడుకు కంటపడకుండా కాపలా పెట్టాడు. అదీ ప్రేమే. కానీ సిద్ధార్థుడికి లోకం మీద కరుణ కలిగింది ఆ కాపలా దాటి వెళ్లాకే.

విదురుణ్ణే చూడండి. పుల్ల పోటుకు లెక్క కట్టి శిక్ష వేసిన ధర్ముడు, మనిషిగా పుట్టి దాసీపుత్రుడన్న మాట పడ్డాడు. సింహాసనానికి అర్హత లేదనిపించుకున్నాడు. ద్రౌపదిని సభకు ఈడ్చుకొచ్చిన నాడు భీష్మద్రోణాదులు తలలు దించుకుంటే, అధర్మమని గొంతెత్తింది విదురుడూ, కౌరవుల్లో కుర్రవాడైన వికర్ణుడూ. పరాభవం ఎలా ఉంటుందో విదురుడికి తెలుసు కనుకే ఊరుకోలేకపోయాడని నాకనిపిస్తుంది.

వ్యాసపూర్ణిమ నాడు పిల్లలచేత గురువులకు పాదనమస్కారం చేయించండి. ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్లుంటే, వాళ్లకు అన్నం పెట్టే పనీ పిల్లలకు అప్పగించండి. పరీక్షల పేరు చెప్పి చావు కబురు మాత్రం దాచకండి.