పేద బిడ్డ చేతికి పలక

సకల స్తోత్రాలూ సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన ప్రవక్త (సల్లం)పై శాంతి, శుభాలు కురియుగాక!

కురిచేడులో రైలెక్కి గిద్దలూరు వైపు వెళితే దొనకొండ దాటాక మార్కాపురం వస్తుంది. దేశంలో ఎందరో పిల్లలు తొలి అక్షరం దిద్దింది అక్కడి రాతి పలకల పైనే. ఆ పలకలు తయారుచేసిన చేతుల్లో పసిచేతులూ ఉండేవి. ఇతరుల బిడ్డల కోసం పలక చేసిన బిడ్డకు దానిపై ఒక్క అక్షరం రాసుకునే భాగ్యం దక్కలేదు. 1988లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు ప్రారంభించినపుడు తొలి విడతలోనే ఈ పలకల పరిశ్రమను చేర్చింది. పని మాన్పించిన పిల్లలకు ప్రత్యేక బడుల్లో ఉచితంగా చదువు చెప్పి, భోజనం పెట్టి, కొంత భృతి ఇచ్చేవారు. ఫీజు లేనంత మాత్రాన పేద బిడ్డ బడికి రాలేడని, కడుపు కూడా నిండాలని ఆ ఏర్పాటే చెబుతోంది.

ప్రియ సోదర సోదరీమణులారా! హిజ్రీ 2వ సంవత్సరాన్ని గుర్తుచేసుకుందాం. బద్ర్ యుద్ధంలో మక్కా ఖైదీలు పట్టుబడ్డారు. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన ముహాజిర్లకు ప్రతి దిర్హమూ అవసరమే. అయినా పరిహారం చెల్లించలేని ఖైదీల్లో రాయడం వచ్చినవారు ఒక్కొక్కరు పదిమంది మదీనా పిల్లలకు రాత నేర్పితే విడుదల చేస్తామని దైవప్రవక్త (సల్లం) నిర్ణయించారు. పిల్లల నుంచి ఏమీ తీసుకోలేదు. తనకు రావలసిన సొమ్మును వదులుకొని సమాజమే వారి చదువు ఖర్చు భరించింది.

మరి మనమేం వదులుకుంటున్నాం? 6–14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని 2006లో సచార్ కమిటీ తేల్చింది. 2010 నుంచి ఉచిత విద్య ఆ వయసు పిల్లలకు చట్టబద్ధమైన హక్కు. కాని సాయంత్రం పాఠం చెప్పే దిక్కులేక, ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు మధ్య నలిగి వెనుకబడే పిల్లల్ని చేయిపట్టి నడిపించేది ఎవరు? మగ్రిబ్ తర్వాత మస్జిదు వరండాలో ఒక దీపం, ఒక చాప, చదువుకున్న ఒక యువకుడు ఉంటే చాలు, ఉచిత బడి మొదలవుతుంది. ఆడపిల్లలకు ఒక ఇంటి వసారాలో చదువుకున్న సోదరి చెప్పవచ్చు.

ఒక జాగ్రత్త అవసరం. జకాత్ సొమ్ము హక్కుదారుడైన పేదవాని చేతికే చేరాలని హనఫీ ధర్మవేత్తలు చెబుతారు. కనుక అర్హులైన పిల్లల పుస్తకాలు, దుస్తులు జకాత్ నుంచి ఇచ్చి వారి సొంతం చేద్దాం. గది అద్దె, గురువు జీతం సదఖా నుంచి భరిద్దాం. ఇచ్చిన చేయి ఆ బిడ్డను చిన్నబుచ్చకూడదు. ఎత్తిపొడుపు దానాన్ని వ్యర్థం చేస్తుందని ఖుర్ఆన్ హెచ్చరించింది.

మరణించాక కూడా పుణ్యం ఆగని మూడు ఆచరణల్లో కొనసాగే దానం, ప్రయోజనమిచ్చే జ్ఞానం ఉన్నాయని దైవప్రవక్త (సల్లం) తెలిపారు. పేద బిడ్డకు అక్షరం నేర్పితే ఆ రెండూ ఒకేచోట లభిస్తాయి. మన వీధిలో బడికి పోని బిడ్డ ఎవరో ఈ జుమా నాడే విచారిద్దాం. రేపు ప్రభువు ఆ బిడ్డ గురించి అడిగితే, తెలియదని చెప్పే వీలు మనకుండదు.

అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.