నిరాశ్రయులును దైవోపాసనయు

సర్వాంతర్యామియు నద్వితీయుడును నగు పరమేశ్వరునకు సమస్త జగత్తును ఆలయమని మనము ప్రతి ప్రార్థనయందును చెప్పుకొనుచున్నాము. ఆ యాలయమున ఆయన బిడ్డలలో నొక్కనికైనను తల దాచుకొన చోటు లేకుండుట మన యుపాసనకు కళంకము గాదా?

ఉగాదికి ముందు కన్నడదేశపు యాత్రికులు వేలకొలదిగా మన ఆత్మకూరు ప్రాంతమునుండి వెంకటాపురము, నాగలూటి, పెద్దచెరువుల మీదుగా నల్లమలను దాటి కాలినడకను శ్రీశైలమునకు పోవుచుందురు. వారు చెట్లక్రిందను, బాటప్రక్కను నిదురింతురు. వారికి మజ్జిగ పోయువారును, అన్నము పెట్టువారును గలరు. వారు వీధిని పరుండుట నేరమని యెవ్వరును పలుకరు. ఇది మెచ్చదగిన యాచారము.

ఇక హైదరాబాదు వృత్తాంతము చూడుడు. 2017వ సంవత్సరము నవంబరులో ఆ నగరమున దేశదేశముల వర్తకప్రముఖుల సభ జరుగనుండగా, రెండు నెలలపాటు వీధులలో భిక్షమెత్తుట నిషేధింపబడెను. యాచకులను పట్టి కారాగారశాఖవారు నడుపు ఆశ్రమములకు తరలించిరి. ఇల్లు విడిచి వచ్చినవాడు పూజ్యుడు, ఇల్లు లేనివాడు దోషి! ఇదియే ధర్మమా?

యాచకులలో వంచకులును గలరని కొంద రందురు. వంచనను శిక్షించుటకు వేరు శాసనములు గలవు. దారిద్ర్యమును శిక్షింప బనిలేదు. భిక్షాటనము నపరాధముగా జేయు నిబంధనలను 2018లో ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము ఆ నగరమునకు సంబంధించినంతవరకు కొట్టివేసెను. మహానగరములలో లక్ష జనులకొక యాశ్రయము చొప్పున నుండి, అవి యేడాది పొడుగునను తెరచియుండవలెనని 2010లోనే సర్వోన్నతన్యాయస్థానము శాసించెను.

అయినను న్యాయస్థానము తలుపు తెరువుమని చెప్పగలదేకాని, హృదయమును తెరువజాలదు. ఆ పని మతసమాజములది. పగలు గుడివాకిటను, దర్గాకడను, చర్చిముంగిటను అన్నవస్త్రములిచ్చి, రాత్రియైనతోడనే గడియ వేసికొనుట సగము ధర్మమే. అన్న మొకపూట యాకలిని దీర్చును. చోటు మనుష్యుని మనుష్యునిగా నిలుపును. వీరేశలింగముగారు వితంతువులపై జాలిమాటలు పలికి యూరకుండలేదు. వారికి శరణాలయము నేర్పరచి, 1906లో హితకారిణీసమాజమును స్థాపించి తన యాస్తి నర్పించిరి.

కావున సత్రములును, ప్రార్థనామందిరములును గలవారందరును, మతభేదమెంచక, రాత్రివేళ నొక వసారానైనను నిరాశ్రయుల కొసగుదురు గాక! పురపాలకసంఘము ముందు వారి పక్షమున మాటలాడుదురు గాక!

కరుణామయా! నీ బిడ్డను వెలుపల నుంచి నిన్ను లోపల పూజించు నవివేకమునుండి మమ్ము రక్షింపుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.